కీబోర్డు ఉన్న ఫోన్, ఆండ్రాయిడ్ కాని ఓఎస్: ఎనిమిది లక్షలతో ఎక్కడ మొదలుపెట్టాలి?

అడిగిన తమ్ముడి ప్రశ్న క్లుప్తంగా ఇదీ. తిరుపతిలో ఈసీఈ ఆఖరి ఏడాది చదివే నలుగురు స్నేహితులు, పాత బ్లాక్‌బెర్రీలాగా నిజం బటన్లున్న స్మార్ట్‌ఫోన్ చేయాలనుకుంటున్నారు. అందులో ఆండ్రాయిడ్ బదులు ఉబుంటు టచ్, పోస్ట్‌మార్కెట్ఓఎస్, సెయిల్‌ఫిష్ అనే లినక్స్ ఓఎస్‌లలో ఏదో ఒకటి నడవాలి. తెలుగు టైపింగ్ బాగుండాలి. చేతిలో ఎనిమిది లక్షలు, ఒక ఏడాది సమయం ఉన్నాయి. "ఏ ఓఎస్ తీసుకోమంటారు, ఎక్కడ మొదలుపెట్టమంటారు?"

సూటిగా చెప్తాను. ఎనిమిది లక్షలకు పూర్తి ఫోన్ రాదు. ఇప్పటికే ఉన్న ఓపెన్ బోర్డుకో, ఫోన్‌కో తగిలించే మంచి తెలుగు కీబోర్డు మాత్రం వస్తుంది, ఓ పాతిక పీసులు. దాంతో మొదలుపెట్టండి. ఇక ఓఎస్ సంగతి. చిప్, అంటే ఫోన్‌ను నడిపే ప్రాసెసర్, ఎంచుకున్న రోజే ఓఎస్ ఎంపిక కూడా అయిపోతుంది. మీ ప్రశ్నలో ఓఎస్ పేర్లు మూడున్నాయి, చిప్ పేరు ఒక్కటీ లేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది, ఏమనుకోకండి. నేనూ అలాగే మొదలుపెట్టినవాణ్ణే.

నా గురించి రెండు ముక్కలు. శ్రీసిటీ వైపు ఒక ఫోన్ల ఫ్యాక్టరీలో టెస్టింగ్ లైన్‌లో మూడేళ్లు, ఆ తర్వాత బెంగళూరులో బోర్డు డిజైన్‌లో ఏడేళ్లు పనిచేశాను. ఇప్పుడు రేణిగుంట రోడ్డులో చిన్న వర్క్‌షాప్ నడుపుతున్నాను. కీబోర్డు ఫోన్ ప్రోటోటైపులు రెండు చేశాను. ఒకటి పనిచేసింది. రెండోదాని కథ కింద వస్తుంది.

ముందు చిప్. ఆండ్రాయిడ్ ఫోన్లలో వాడే చిప్‌తో పాటు, ఆ చిప్ కంపెనీ తన అవసరానికి మార్చుకున్న ఒక లినక్స్ కెర్నల్ (ఓఎస్‌లో హార్డ్‌వేర్‌ను నడిపే లోపలి భాగం) వస్తుంది. కెమెరా, మోడెం, గ్రాఫిక్స్ డ్రైవర్లు ఆ కెర్నల్‌కే అతుక్కుని ఉంటాయి, వాటిలో సగానికి సోర్స్ కోడ్ ఉండదు. అలాంటి ఫోన్ మీద వేరే ఓఎస్ నడపడానికి ఉన్న దారి హేలియం. కింద ఆండ్రాయిడ్ కెర్నల్, డ్రైవర్లు అలాగే ఉంటాయి, పైన ఉబుంటు టచ్ కూర్చుంటుంది, మధ్యలో లిబ్‌హైబ్రిస్ అనే లైబ్రరీ దుబాసీ పని చేస్తుంది. కెమెరా, కాల్స్ చాలావరకు పనిచేస్తాయి. కానీ కంపెనీ ఆ కెర్నల్‌ను వదిలేసిన రోజు మీరూ అక్కడే ఆగిపోతారు.

రెండో దారి మెయిన్‌లైన్ కెర్నల్, అంటే అందరూ వాడే అసలు లినక్స్. పోస్ట్‌మార్కెట్ఓఎస్ వాళ్లు 2017 నుంచి ఈ దారినే పట్టుకుని ఉన్నారు. ఇందులో నవీకరణలు ఏళ్ల తరబడి వస్తాయి. కానీ చిప్‌కు సంబంధించిన కాగితాలు బయట దొరకాలి. ఆల్‌విన్నర్ ఏ64 (పైన్‌ఫోన్ అనే లినక్స్ ఫోన్‌లో ఉన్నది), ఎన్ఎక్స్‌పీ ఐ.ఎంఎక్స్8ఎం (లిబ్రెమ్ 5 అనే ఇంకో లినక్స్ ఫోన్‌లో ఉన్నది), కొన్ని రాక్‌చిప్‌లు ఈ లెక్కలోకి వస్తాయి. ఫోన్ల చిప్‌లలో స్నాప్‌డ్రాగన్ 845కి మెయిన్‌లైన్ మద్దతు బాగా పెరిగింది, వన్‌ప్లస్ 6, పోకో ఎఫ్1 దానివల్లే ఇంకా ఆడుతున్నాయి. కానీ అలాంటి చిప్ మీలాంటి నలుగురికి విడిగా అమ్మరు. ఒప్పందాలు, వేలల్లో ఆర్డర్లు అడుగుతారు. సెయిల్‌ఫిష్ అయితే పైన కనిపించే భాగం పూర్తిగా ఓపెన్ కాదు, కాబట్టి మీ పనికి నేను దాన్ని పక్కన పెడతాను.

చిప్ మారితే ఏమవుతుందో తెలియాలంటే ఎఫ్ఎక్స్‌టెక్ కంపెనీ ప్రో1-ఎక్స్ ఫోన్ చూడండి. పక్కకు జరిగే కీబోర్డు ఉంటుందని, లీనియేజ్‌ఓఎస్ (ఆండ్రాయిడ్ నుంచే పుట్టిన ఓపెన్ ఓఎస్), ఉబుంటు టచ్ నడుస్తాయని 2020లో ప్రకటించారు. అచ్చం మీ కలే. మొదట స్నాప్‌డ్రాగన్ 835 అన్నారు. అది దొరక్కపోవడంతో 2021లో 662కి మారాల్సి వచ్చింది. ఫోన్లు జనం చేతికి వచ్చేసరికి 2022. చిప్ మారిందంటే బోర్డు మారినట్టే, కెర్నల్ మారినట్టే, అప్పటిదాకా చేసిన పోర్టింగ్ (ఓఎస్‌ను ఆ ఫోన్‌కు సరిపెట్టే) పనిలో చాలా భాగం మళ్లీ మొదటికి వచ్చినట్టే. అనుభవమున్న కంపెనీకే అలా అయింది.

చిప్ తర్వాత మోడెం, అంటే సిమ్ నెట్‌వర్క్‌తో మాట్లాడే భాగం. దీని గురించి ఎవరూ అడగరు, ఆఖర్న అందరూ దీని దగ్గరే ఏడుస్తారు. మన దేశంలో 2016లో వచ్చిన జియోలో మామూలు కాల్ కూడా 4జీ మీద, అంటే వోల్టీ ద్వారానే నడవాలి. జియోకు 2జీ, 3జీ లేవు కాబట్టి వోల్టీ లేని ఫోన్‌లో జియో సిమ్‌తో మామూలు కాల్ వెళ్లదు. ఆండ్రాయిడ్ ఫోన్లలో వోల్టీ నడిపించే భాగం ఆ కంపెనీ ఇచ్చిన మూసిన పెట్టెలో ఉంటుంది, వేరే ఓఎస్ వేస్తే చాలాసార్లు ముందు ఆగేది అదే. పైన్‌ఫోన్‌లో వాడిన క్వెక్‌టెల్ ఈజీ25-జీ లాంటి విడి మోడెం మాడ్యూల్‌కి ఉన్న లాభం ఇక్కడే. వోల్టీ పని మాడ్యూల్ లోపలే జరుగుతుంది, అది ప్రాసెసర్‌కు యూఎస్‌బీతో కలుస్తుంది. దానికి కరెంటు ఆపే స్విచ్ కూడా పెట్టుకోవచ్చు. అయినా మీరు వాడే సిమ్‌తో, మీరుండే చోట టెస్ట్ చేయకుండా మాడ్యూల్ కొనొద్దు.

నా తప్పు ఒకటి చెప్తాను. కాల్ వచ్చినప్పుడు నిద్రలో ఉన్న ప్రాసెసర్‌ను మోడెం ఒక తీగ మీద సిగ్నల్ పంపి లేపాలి. నా మొదటి బోర్డులో ఆ తీగను, ప్రాసెసర్ నిద్రలో ఉన్నప్పుడు పట్టించుకోని పిన్‌కు కలిపాను. స్క్రీన్ వెలుగుతుంటే కాల్స్ వచ్చేవి. జేబులో పెడితే ఒక్కటీ మోగేది కాదు. కారణం దొరకడానికి పది రోజులు పట్టింది, అప్పటికి బోర్డులు పన్నెండు అచ్చయిపోయాయి. డేటాషీట్‌లో (చిప్ కంపెనీ ఇచ్చే వివరాల పుస్తకంలో) నిద్రనుంచి లేపగలిగే పిన్‌లు ఏవో ప్రత్యేకంగా రాసి ఉంటుంది. ముందు ఆ పేజీ చదవండి.

ఇక మీకు ఇష్టమైన కీబోర్డు. ఎలక్ట్రానిక్స్ వైపు ఇది సులువు. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌ది టీసీఏ8418 అని చిన్న చిప్ ఉంది. ఎనిమిది వరసలు, పది నిలువులు, మొత్తం 80 కీలను అదే చూసుకుంటుంది. ప్రాసెసర్‌కు సమాచారం పంపే ఐ2సీ తీగలు రెండు, కీ నొక్కారని కబురు చెప్పే ఇంటరప్ట్ తీగ ఒకటి చాలు. లినక్స్ మెయిన్‌లైన్‌లో డ్రైవర్ సిద్ధంగా ఉంది. జాగ్రత్త పడాల్సింది ఒక్కచోటే. ఈ వరసలు, నిలువుల అల్లికలో (మ్యాట్రిక్స్‌లో) మూడు కీలు ఒక దీర్ఘచతురస్రం మూలల్లో ఉండి ఒకేసారి నొక్కితే, నాలుగో మూలలోని కీ కూడా నొక్కినట్టు కనబడుతుంది. అందుకని షిఫ్ట్, ఆల్ట్ లాంటివాటికి వేరే వేరే లైన్లు కేటాయించండి.

కష్టం తెలుగులో ఉంది. మీరు "బ్లాక్‌బెర్రీలాగా" అన్నారు, అంటే నిలువు ఫోన్, మూడు వరసలు, 26 అక్షరాలు. నా మొదటి ప్రోటోటైప్ కూడా అదే. దాన్ని మా చిన్నాన్న కూతురి చేతిలో పెట్టాను. చిత్తూరులో ఒక ఆఫీసులో తెలుగు టైపింగ్ చేస్తుంది, ఇన్‌స్క్రిప్ట్‌లో (భారతీయ భాషలకు ప్రభుత్వం ఖరారు చేసిన కీబోర్డు అమరికలో) వేళ్లు పరుగెడతాయి. రెండు నిమిషాలు కొట్టి, "అన్నా, దీంట్లో తిరుపతి వస్తాది, చిత్తూరు రాదు" అంది.

నిజమే. ఇన్‌స్క్రిప్ట్‌లో "తిరుపతి"కి కావలసిన త, ర, ప, వాటి గుణింతాలు అన్నీ ఇంగ్లీషు అక్షరాల కీల మీదే ఉన్నాయి. "పుత్తూరు", "పలమనేరు", "నగరి" కూడా వచ్చేస్తాయి. కానీ చ ఉండేది సెమికోలన్ కీ మీద. ట దాని పక్కన కొటేషన్ కీ మీద. డ చదరపు బ్రాకెట్ మీద. య స్లాష్ మీద. ఒ గుణింతపు గుర్తు ఇంకా దూరంగా, అంకెల వరస మొదట్లో ఉన్న కీ మీద. 26 కీల కీబోర్డులో ఇవేవీ ఉండవు. చిత్తూరు, చంద్రగిరి, ఏర్పేడు అన్నీ పోతాయి. ఇన్నేళ్ల అనుభవం పెట్టుకుని నాకది తట్టలేదు, ఎందుకంటే నేను టెస్ట్ చేసినప్పుడల్లా కొట్టిన మాట "తిరుపతి".

ఇంకొకటి. ఇన్‌స్క్రిప్ట్‌లో ఖ, ఘ లాంటి ఒత్తు అక్షరాలన్నీ షిఫ్ట్‌తో వస్తాయి. క కీకి షిఫ్ట్ కలిపితే ఖ. అచ్చులు కూడా షిఫ్ట్‌తోనే. కంప్యూటర్ ముందు పది వేళ్లతో అది తెలియదు. రెండు బొటనవేళ్లతో ఫోన్ పట్టుకున్నవాడు షిఫ్ట్ పట్టుకుని ఇంకో కీ ఎలా నొక్కుతాడు? అందుకని షిఫ్ట్ ఒకసారి తట్టి వదిలితే తర్వాతి కీకి వర్తించేలా చేయాలి. దీనికి హార్డ్‌వేర్ మార్పు అక్కర్లేదు, లినక్స్‌లో ఏ కీకి ఏ అక్షరమో రాసే ఎక్స్‌కేబీ లేఅవుట్‌లోనే చేయొచ్చు. పొల్లు గుర్తు కీ ఎడమచేతి మధ్య వరసలో ఉంటుంది. "స్త్రీ" రాయడానికి ఆరు నొక్కుల్లో రెండు దానివే. ఆ కీని కొంచెం పెద్దదిగా, తేలిగ్గా దిగేలా చేయండి. తెలుగులో దానికి పడే దెబ్బలు ఇంగ్లీషులో అదే కీకి పడవు.

కాబట్టి నా లెక్క: ఇన్‌స్క్రిప్ట్ కావాలంటే అడ్డంగా, ఐదు వరసల కీబోర్డు. నిలువు ఫోన్ మీదే మనసుంటే, ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగుగా మారే ట్రాన్స్‌లిటరేషన్ వాడాలి. మీ వయసువాళ్లలో ఎక్కువమంది ఎలాగూ అలాగే కొడతారు. లినక్స్‌లో ఎం17ఎన్ అనే సామగ్రిలో తెలుగుకు ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, యాపిల్ అన్నీ ఉన్నాయి. తేడా ఏంటంటే, ఎక్స్‌కేబీ లేఅవుట్ కీబోర్డు తగిలించగానే నేరుగా పనిచేస్తుంది. ట్రాన్స్‌లిటరేషన్‌కు మధ్యలో ఇన్‌పుట్ మెథడ్ ప్రోగ్రాం కావాలి, మొబైల్ లినక్స్‌లలో ఆ ప్రోగ్రాం, బయటి కీబోర్డు ఒకదానితో ఒకటి ఎప్పుడూ సఖ్యంగా ఉండవు. మీరు ఓఎస్‌లను పోల్చాలంటే మొదట టెస్ట్ చేయాల్సింది ఇది. ఒత్తులు సరిగా కింద కూర్చుంటున్నాయో లేదో కూడా చూడండి, ఓఎస్ ఇమేజ్‌లో తెలుగు ఫాంట్ లేక డబ్బాలు కనబడటం నేను చాలాసార్లు చూశాను.

అడ్డంగా జరిగే కీబోర్డు అనగానే మెకానికల్ తలనొప్పి మొదలు. పైన స్క్రీన్ జరుగుతుంది, కింద బోర్డు ఉంటుంది, మధ్యలో ఫ్లెక్స్ కేబుల్ రోజుకు వంద సార్లు వంగుతుంది. నా రెండో ప్రోటోటైప్ పోయింది ఇక్కడే. రెండు పొరల ఫ్లెక్స్‌ను బిగుతుగా మడిచాను. మూడో వారంలో స్క్రీన్ మీద గీతలు, నాలుగో వారంలో నలుపు. ఆ తర్వాత తెలిసినవాళ్లను అడిగితే చెప్పారు: కదిలే చోట ఒకే పొర ఉండాలి, రాగి రోల్డ్ యానీల్డ్ (వంగినా త్వరగా విరగని) రకం అయి ఉండాలి, వంపు వీలైనంత వెడల్పుగా ఉండాలి, వంపు దగ్గర ఏ భాగమూ టంకం వేయకూడదు. స్క్రీన్ సిగ్నల్ ఆ కేబుల్‌లోంచే పరుగెడుతుంది కాబట్టి అది యాంటెన్నా పక్కనుంచి వెళ్తే 4జీ, జీపీఎస్ రెండూ మందగిస్తాయి. కీల కింద పెట్టే ఉక్కు రేకుకు గ్రౌండ్ సరిగా ఇవ్వకపోయినా అదే గతి. పైగా అడ్డంగా పట్టుకుని టైప్ చేసేటప్పుడు రెండు అరచేతులూ ఫోన్ రెండు చివరలను మూసేస్తాయి, మామూలు ఫోన్లలో యాంటెన్నాలు ఉండేది సరిగ్గా అక్కడే.

అందుకే చెప్తున్నాను, మొదటి ప్రయత్నంలో స్లైడర్ జోలికి పోకండి. పైన్‌ఫోన్‌కు కీబోర్డు కేసు చేసినవాళ్లు తెలివిగా చేశారు: ఫోన్ వెనక ఉన్న పోగో పిన్‌ల (నొక్కితే తగిలే చిన్న కాంటాక్టుల) ద్వారా కలుస్తుంది, మడత ఉంటుంది, కీబోర్డు లోపలే అదనంగా 6000 ఎంఏహెచ్ బ్యాటరీ ఉంటుంది. ఫోన్ లోపలి బోర్డును ఎవరూ ముట్టుకోలేదు. మీరూ ఆ తరహాలో ఆలోచించండి.

మీ మెసేజ్‌లో "పక్కనే ఇన్ని ఫ్యాక్టరీలు ఉన్నాయి కదా, తయారీ సులువే" అని రాశారు. శ్రీసిటీలో 2015లోనే ఫాక్స్‌కాన్ షావోమీ ఫోన్లు బిగించడం మొదలుపెట్టింది. రేణిగుంట, వికృతమాల వైపు ఎలక్ట్రానిక్స్ క్లస్టర్లు ఉన్నాయి, నిజమే. కానీ ఆ లైన్లు లక్షల్లో నడవడానికి కట్టినవి. మీ పాతిక పీసుల కోసం లైన్ ఆపి మార్చడానికి అయ్యే ఖర్చు మీ మొత్తం బడ్జెట్ కంటే ఎక్కువ. నాకు పనికొచ్చింది అక్కడ పనిచేసే మనుషులు. రీఫ్లో (బోర్డుకు భాగాలను టంకం వేసే యంత్రం) మీద పదేళ్లు నిలబడ్డ టెక్నీషియన్ ఆదివారం వచ్చి మీ బోర్డు చూస్తే, నెల చదువు అరగంటలో వస్తుంది. టీ, టిఫిన్ మీ ఖర్చు.

ప్లాస్టిక్ బాడీకి చెన్నై అంబత్తూరులో అడిగాను. మూడు భాగాల ఇంజెక్షన్ అచ్చులకు కలిపి ఏడు లక్షలు దాటింది. అంటే మీ డబ్బంతా అచ్చులకే పోయె. పాతిక పీసులకు సిలికాన్ అచ్చులో పోత పోయించుకోండి, ఒక అచ్చు ఇరవై వరకు ఇస్తుంది. కీల మీద అక్షరాలు మాత్రం లేజర్‌తో చెక్కించండి. ప్రింట్ చేయించినవి, ముఖ్యంగా ఆ పొల్లు కీ మీది గుర్తు, ఆరు నెలల్లో అరిగిపోయాయి.

వేడి గురించి తేలిగ్గా తీసుకోవద్దు. మే నెలలో మన ఊరి ఎండ మీకు చెప్పక్కర్లేదు. బండి ముందు హోల్డర్‌లో పెట్టి చార్జింగ్ పెడితే బ్యాటరీ 45 డిగ్రీలు ఇట్టే దాటుతుంది. లిథియం బ్యాటరీని మామూలుగా ఆ పైన చార్జ్ చేయకూడదు. కంపెనీ ఆండ్రాయిడ్‌లో ఆ కాపలా ముందే ఉంటుంది. మీరు వేరే ఓఎస్ వేసినప్పుడు, బ్యాటరీ ఉష్ణోగ్రత చదివే సెన్సర్‌ను డివైస్ ట్రీలో (బోర్డు మీద ఏ భాగం ఎక్కడుందో కెర్నల్‌కు చెప్పే ఫైలులో) సరిగా రాయకపోతే ఆ కాపలా ఉండదు. ఒక పాత ఫోన్‌కు నేను చేసిన పోర్ట్‌లో అది ఎప్పుడు చూసినా 25 డిగ్రీలే చూపించేది. చల్లగా ఉందని సంతోషించాను. బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేచాక అర్థమైంది. కాబట్టి సాఫ్ట్‌వేర్‌ను నమ్ముకోకుండా, వేడెక్కితే తనంతట తాను చార్జింగ్ ఆపే చార్జర్ చిప్ పెట్టి, బ్యాటరీ థర్మిస్టర్‌ను (వేడిని కొలిచే భాగాన్ని) నేరుగా దానికే కలపండి.

అమ్మాలనుకుంటేనే ఈ కింది పేరా చదవండి. ఫోన్‌గా అమ్మాలంటే బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్, వైర్‌లెస్ అనుమతి, కిలోకు 1.6 వాట్ల ఎస్ఏఆర్ (ఒంటికి తగిలే రేడియేషన్) పరిమితి, అమ్మకానికి ముందే ప్రతి ఐఎంఈఐ నమోదు (ఇది 2023 జనవరి 1 నుంచి) ఇవన్నీ ఉన్నాయి. వీటిలో రెండు నేరుగా ఓఎస్‌కు తగులుతాయి. 2017 నుంచి ప్యానిక్ బటన్ తప్పనిసరి, స్మార్ట్‌ఫోన్‌లో పవర్ బటన్ మూడుసార్లు నొక్కితే అత్యవసర కాల్ వెళ్లే తరహాలో. ఇంకోటి భారతీయ భాషల ప్రమాణం, ఐఎస్ 16333 మూడో భాగం: 22 భాషలూ చదవడానికి కనిపించాలి. ఆండ్రాయిడ్‌లో ఇవి దాదాపు రెడీగా వస్తాయి. ఉబుంటు టచ్‌తో అమ్మితే ఆ బాధ్యత మీ నెత్తిన పడుతుంది. తీగతో కలిసే కీబోర్డు ఒక్కటే చేస్తే, రేడియో లేదు కాబట్టి వీటిలో చాలా వరకు మీ దారిలోకి రావు.

మీరు అడగలేదు గానీ, అమ్మానాన్న తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: దీంట్లో ఫోన్‌పే వస్తుందా? రాదనే అనుకోండి. వేడ్రాయిడ్ అని లినక్స్ లోపల ఆండ్రాయిడ్ యాప్‌లు నడిపే పద్ధతి ఉంది, మామూలు యాప్‌లు బాగానే నడుస్తాయి. కానీ యూపీఐ యాప్‌లు సిమ్ నుంచి ఎస్ఎంఎస్ పంపి అది మీ ఫోనేనని నిర్ధారించుకుంటాయి, మార్చిన ఫోన్‌ను పసిగట్టే తనిఖీలు కూడా చేస్తాయి. నేను రెండో జేబులో ఇంకో మామూలు ఫోన్ పెట్టుకుని తిరుగుతాను, నవ్వితే నవ్వండి.

డబ్బు ఎలా ఖర్చుపెట్టాలో నా సలహా. మొదటి మూడు నెలలు ఏమీ తయారుచేయకండి. ఒక పైన్‌ఫోన్ గానీ, సెకండ్‌హ్యాండ్ వన్‌ప్లస్ 6 గానీ తెచ్చి పోస్ట్‌మార్కెట్ఓఎస్ వేసి, నలుగురిలో ఒకరు తమ సిమ్‌తో రోజూ వాడండి. పైన్‌ఫోన్ అయితే మెమరీ కార్డు నుంచే బూట్ అవుతుంది, ఉదయం ఒక ఓఎస్, సాయంత్రం ఇంకోటి మార్చి చూడొచ్చు. అది నిదానమైన ఫోన్, 2015 నాటి టాబ్లెట్ చిప్ అది, తిట్టుకుంటారు. కానీ ఏ బాధ ఓఎస్‌ది, ఏ బాధ చిప్‌ది అనేది మీకే తెలిసిపోతుంది. తర్వాతి మూడు నెలల్లో టీసీఏ8418తో ఐదు వరసల కీబోర్డు బోర్డు చేయండి, కీలకు స్నాప్ డోమ్‌లు (నొక్కితే టక్కుమనే లోహపు బుడిపెలు) వాడండి. 150 నుంచి 200 గ్రాముల మధ్య రెండు మూడు రకాల బలాలతో తెప్పించి ఇన్‌స్క్రిప్ట్ తెలిసినవాళ్లతో ఒక పేజీ కొట్టించండి. ఏది బాగుందో వాళ్ల బొటనవేళ్లు చెప్తాయి. ఇక్కడిదాకా రెండు లక్షలు దాటకూడదు. మిగతాది బాడీకి, రెండోసారి బోర్డుకు, తప్పులకు. తప్పులకు తప్పకుండా ఉంచండి.

సీరియల్ కన్సోల్ పిన్‌లు (బూట్ సందేశాలను కంప్యూటర్‌కు పంపేవి) మాత్రం బయటికి తీయడం మర్చిపోకండి, ఫోన్ బూట్ కాని రోజు అదొక్కటే మీతో మాట్లాడుతుంది. మొదటి బోర్డు గెర్బర్ ఫైళ్లు (బోర్డు తయారీకి పంపే బొమ్మలు) బోర్డు చేసేవాళ్లకు పంపే ముందు స్కీమాటిక్ (సర్క్యూట్ బొమ్మ) ఇక్కడే పెట్టండి, చూస్తాను. ఆ నిద్ర లేపే పిన్ ఏదో ఎర్ర పెన్నుతో చుట్టి పెట్టండి.